తల్లిగారింట్లో నా పీట

2025లో శ్రావణ పున్నమి ఆగస్టు 9న, శనివారం నాడు వచ్చింది. అది రెండో శనివారం కూడా. బ్యాంకులో పనిచేసే నాకు నెలలోని శనివారాల్లో రెండోది, నాలుగోది మాత్రమే సెలవు కాబట్టి, పండుగ తానుగా వచ్చి ఆ సెలవు మీద కూర్చోవడం నాకు ఎవరో తీరిక చేసుకొని చేసిపెట్టిన ఉపకారంలా అనిపించింది. రాఖీ కట్టడానికి తల్లిగారింటికి పోవాలి, ఆదివారం కూడా అక్కడే ఉండొచ్చు, సెలవు చీటీ రాయనక్కరలేదు. క్యాలెండరులో ఆ రెండు గడులను నేను జూన్ నెలలోనే చూసి పెట్టుకున్నాను.

మాది యాదాద్రి భువనగిరి జిల్లాలో, పుట్టపాకకు దగ్గరలో ఉన్న ఒక నేత ఊరు. మేం పద్మశాలీలం. చాలాచోట్ల ఆ రోజును రాఖీ పున్నమి అంటారు, మా ఇళ్లలో మాత్రం అది ముందుగా నూలుపున్నమి. మగవాళ్లు తలంటు పోసుకొని, మార్కండేయ స్వామి గుడికి పోయి, పాత జంధ్యం తీసి కొత్తది వేసుకుంటారు. ఏడాది పొడవునా నూలును నమ్ముకొని బతికే కులానికి ఆ నూలే దేవుడి ముందు ఒంటి మీదికి వచ్చే రోజు అది. మా ఇంట్లో ఆ ఒక్క రోజు ఎవరూ మగ్గం గుంటలోకి దిగరు. మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, పోగును అటూ ఇటూ మోసే నాడెను పక్కన పెడతారు.

పున్నమి నాటి పొద్దున ఎల్బీనగర్‌లో బస్సు ఎక్కడం చిన్న పని కాదు. మహాలక్ష్మి పథకం 2023 డిసెంబరు 9న మొదలైనప్పటి నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు, అందులోనూ రాఖీ పండుగ నాడు తెలంగాణలోని ఆడబిడ్డలంతా ఒకేసారి తల్లిగారి దారి పడతారు. ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్ తీసుకొని, చౌటుప్పల్ దాకా నిలబడే పోయాను. నా చుట్టూ ఉన్న ప్రతి చేతిలోనూ ఒక మిఠాయి డబ్బా, ఒక రాఖీల కవరు ఉన్నాయి. నా పక్కన నిలబడిన పెద్దమ్మకు డెబ్బై ఏళ్లు దాటి ఉంటాయి. సూర్యాపేట దగ్గర ఉన్న తన అన్నకు రాఖీ కట్టడానికి పోతున్నానని, ఆయనకు కళ్లు కనిపించవని, అందుకని చేత్తో తడిమితే తెలిసేటట్టు పెద్ద పువ్వున్న రాఖీ కొన్నానని చెప్పి, కవరు తెరిచి చూపించింది. ఆ బస్సులో కాళ్లు నొప్పి పుట్టిన మాట నిజమే గాని, ఇంతమంది ఆడవాళ్లు ఇంత సంతోషంగా ఒకే దిక్కుకు పోతున్న బండిలో నేనూ ఒకదాన్ని అన్న తృప్తి ఆ నొప్పిని లెక్కలోకి రానివ్వలేదు.

చౌటుప్పల్‌లో దిగి, నారాయణపురం దారిలో ఆటో ఎక్కితే, అక్కడి నుంచి అంతా నాకు కళ్లు మూసుకున్నా తెలిసే తొవ్వ. వానలకు పత్తి చేలు మోకాలెత్తు లేచి ఉన్నాయి. ఊరి మొదట్లోకి రాగానే మామూలు రోజుల్లో అయితే మగ్గాల చప్పుడు ఎదురొస్తుంది, ఒక ఇంటి చప్పుడు ఆగేలోపు ఇంకో ఇంటిది అందుకుంటుంది. పండుగ నాడు ఆ చప్పుడు లేదు. దాని బదులు గుడి మైకులోంచి పాట, ప్రతి వాకిట్లో సున్నపు ముగ్గు, అరుగుల మీద కొత్త జంధ్యాలతో కూర్చున్న పెద్దవాళ్లు. "ఎప్పుడొచ్చినవ్ బిడ్డా? అల్లుడు రాలేదా?" అని అడిగిన ప్రతి ఒక్కరికీ, ఆయన తన అక్క దగ్గరికి రాఖీకి పోయిండని చెప్పుకుంటూ ఇల్లు చేరేసరికి పది అయింది.

అన్నకు రాఖీ కట్టాను. అన్న నా చేతిలో డబ్బులు పెట్టి, ఎప్పటిలాగే నా ముఖం చూడకుండా గోడ వైపు చూశాడు. వదినె గారెలు, సేమ్యా పాయసం చేసింది. అన్న బిడ్డకు పదకొండేళ్లు. అది పొద్దంతా "అత్తమ్మా, అత్తమ్మా" అంటూ నా కొంగు వదల్లేదు. నాయిన గుడి నుంచి వచ్చి, నా మణికట్టుకు పసుపు పూసిన నూలుపోగు ఒకటి కట్టాడు. పండుగ గురించి ఇంతకంటే చెప్పనక్కరలేదు, ప్రతి ఇంట్లోనూ అది ఇంచుమించు ఇలాగే జరుగుతుంది. నేను చెప్పదలచుకున్నది మరునాటి సంగతి.

పెళ్లయిన ఆడబిడ్డ ఇంటికి వస్తే ఆమెకు పని చెప్పకూడదని మా అమ్మ పట్టుదల. పెళ్లయిన ఈ తొమ్మిదేళ్లలో నేను ఎప్పుడు పోయినా, అక్కడి గిన్నె ఇక్కడ పెట్టబోతే "నువ్వు కూసో, నీకేం అవసరం? రెండు రోజులు పండుకోరాదు" అంటుంది. ఆ మాటలో ఎంత ప్రేమ ఉందో నాకు తెలుసు. తను పడిన కష్టంలోంచి వచ్చిన మాట అది. నిలబడి వండి, కూర్చొని దారం ఆసు పోసి, రాత్రి దాన్ని కండెలకు చుట్టిన మనిషి తన బిడ్డను కూర్చోబెట్టి తినిపించాలని అనుకోవడంలో తప్పు లేదు. అయినా అలా కూర్చున్న ప్రతిసారీ, ఇంట్లో అందరి చేతులూ ఒక పని మీద ఉండగా నా చేతులు మాత్రం ఒళ్లో పెట్టుకొని ఉండటం వల్ల, నేను ఈ ఇంటి మనిషినా, ఈ ఇంటికి వచ్చిన చుట్టాన్నా అన్న ఒక చిన్న అనుమానం నాకు కలిగేది. చుట్టానికి మర్యాద దొరుకుతుంది, ఇంటి మనిషికి పని దొరుకుతుంది. నాకు ఆ రెండోదే కావాలి.

ఇది అర్థం కావాలంటే మా ఇంట్లో చీర ఎట్లా పుడుతుందో కొంత చెప్పాలి. మావి చిటికి కట్టి నేసే పట్టు చీరలు. బజారులో వాటిని ఇక్కత్ అంటారు. గుడ్డ నేసిన తరువాత దాని మీద రంగులు అద్దడం ఉండదు, నేయడానికి ముందే దారం మీద డిజైను ఉంటుంది. పేక దారాన్ని, అంటే గుడ్డలో అడ్డంగా పోయే దారాన్ని, మొదట ఆసు పోయాలి. గోడకు ఆనించిన చట్రానికి ఒక కొసన ఒక మేకు, దానికి ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరుసగా చిన్న మేకులు ఉంటాయి. దారాన్ని ఈ కొసన ఉన్న మేకు నుంచి ఆ వరుసలోని మేకుకు, మళ్లీ ఇక్కడికి, మళ్లీ పక్క మేకుకు ఇలా పోస్తూ పోవాలి. ఒక చీరకు చెయ్యి దాదాపు తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. అలా పోసిన దారాన్ని చట్రానికి బిగించి, డిజైను గీసి, రంగు అంటకూడని చోట సైకిల్ ట్యూబును సన్నగా కోసిన రబ్బరు పట్టీలతో గట్టిగా చుట్టి, రంగులో ముంచాలి. ఎన్ని రంగులుంటే అన్నిసార్లు కట్టాలి, విప్పాలి, మళ్లీ కట్టాలి. తరువాత ఆ దారాన్ని కండెలకు, అంటే నాడెలో పట్టే చిన్న గొట్టాలకు, చుట్టి, చుట్టిన వరుస తప్పకుండా ఒక తాడుకు గుచ్చి పెట్టాలి. ఆ కండెలు ఒకదాని తరువాత ఒకటి నాడెలోకి ఎక్కితేనే మగ్గం మీద పువ్వు పువ్వులాగా, చిలుక చిలుకలాగా తేలుతుంది.

మగ్గం మీద కూర్చునేది నాయిన ఒక్కడే, చీర నేసేది మాత్రం ఇంటిల్లిపాదీ. నేను అయిదో తరగతిలో ఉన్నప్పుడు కండెలు గుచ్చుతూ రెండింటిని తారుమారు చేశాను. నాయిన అది గమనించేసరికి రెండు వేళ్ల వెడల్పు నేత అయిపోయింది. పువ్వు నడుమ నుంచి చీలినట్టు, సగం ఒక పక్కకు జరిగింది. నాయిన ఒక్క మాట అనలేదు. మధ్యాహ్నం దాకా కూర్చొని నేసినదంతా పోగు పోగుగా విప్పి, నన్ను పిలిచి తన పక్కన కూర్చోబెట్టుకొని, "ఇప్పుడు నువ్వు సూసి ఇయ్యి, నేను నేస్త" అన్నాడు. కండె తరువాత కండె నేను అందించాను, ఆ పువ్వు మళ్లీ కలిసింది. ఆ రోజు నుంచి పెళ్లయి పోయేదాకా మా ఇంట్లో కండెల వరుస నా బాధ్యత. ఆసు దగ్గర అమ్మ పీట పక్కన నాకంటూ ఒక పొట్టి పీట ఉండేది, వేప చెక్కది, నడుమ కొద్దిగా గుంట పడి ఉంటుంది.

ఇప్పుడు మా ఇంట్లో ఆసు పోసేది యంత్రం. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు, ఆసు పోసి పోసి వాళ్లమ్మ భుజం పట్టేయడం చూడలేక, ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో ఆ యంత్రాన్ని తయారు చేశారు. దానికి వాళ్లమ్మ పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చినప్పుడు మా ఊళ్లో ఆడవాళ్లు తమ ఇంటి పిల్లవాడికి వచ్చినట్టు సంబరపడ్డారు. మా అమ్మ భుజానికి మాత్రం ఆ యంత్రం కొంచెం ఆలస్యంగా చేరింది. కుడి చెయ్యి తల మీదికి ఎత్తలేదు, జడ వేసుకోవాలంటే వదినె వేయాలి. యంత్రం వచ్చిన రోజున అమ్మ చేతి ఆసును గోడకు ఎత్తి కట్టించింది గాని, పారేయనివ్వలేదు.

ఆదివారం పొద్దున్నే నాయిన మగ్గం గుంటలోకి దిగాడు. నేను ఇంకా చాప మీదే ఉన్నాను. గుంటలో కాళ్లు పెట్టుకొని ఆయన తాడు గుంజగానే వచ్చిన మొదటి దెబ్బ చప్పుడు నేల గుండా నా వీపుకు తెలిసింది. హైదరాబాదులో నేను అలారానికి లేస్తాను. ఆ పొద్దున మా నాయిన పనికి లేచాను.

లేచి పోయి పక్కన కూర్చున్నాను. నాడె ఇటు నుంచి అటు పోగానే, నాయిన పోగును బిగించే పలక కొట్టడానికి ముందు, అంచు దగ్గర ఆ పేక పోగును బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి వెంట్రుకవాసి ఇటు లాగుతాడు. దారం మీద ఉన్న ఎరుపు మచ్చ, కింది పోగు మీది ఎరుపు మచ్చతో సరిగ్గా కూడాలి. కూడిన తరువాతే దెబ్బ పడుతుంది. మళ్లీ నాడె, మళ్లీ వేళ్లు, మళ్లీ దెబ్బ. అరవై రెండేళ్ల వయసులో, కళ్లద్దాలు ముక్కు కొసకు జారి ఉండగా, ఆయన ఆ మచ్చను చూస్తున్నట్టు కూడా అనిపించదు, వేళ్లకే తెలుస్తున్నట్టు ఉంటుంది. నేను రోజంతా కంప్యూటరు ముందు అంకెలు సరిచూస్తాను. నా పనిలో నాకున్న జాగ్రత్త ఎక్కడి నుంచి వచ్చిందో ఆ వేళ్లను చూస్తే నాకు తెలుస్తుంది.

ఎనిమిది గంటలకు కరెంటు పోయింది. వదినె యంత్రం మీద ఆసు సగంలో ఆగిపోయింది. పది దాకా చూశాం, రాలేదు. అన్న ఫోను చేస్తే సాయంత్రం దాకా రాదని చెప్పారట. సోమవారం నాటికి ఆ దారం చిటికికి ఎక్కకపోతే రంగు పని ఆగుతుంది, రంగు ఆగితే ఆ వారమంతా వెనకబడుతుంది. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అమ్మ ఏమీ అనకుండా లేచి గోడ మీది చేతి ఆసు వైపు చూసింది. అన్న దాన్ని దించి, దుమ్ము తుడిచి, మేకులు ఒక్కొక్కటీ కదిపి చూశాడు. అమ్మ కొంగు దోపుకొని ముందుకు రాగానే నేను, "నువ్వు చెప్పు, నేను పోస్త" అన్నాను. అమ్మ "నువ్వు కూసో బిడ్డా" అనబోయింది. నాయిన మగ్గంలోంచే తల తిప్పకుండా, "దాని పీట ఏడుందో సూడుండ్రి" అన్నాడు.

పీట వంటింట్లో నీళ్ల బిందె కింద ఉంది. అన్న బిడ్డ బిందె దించి, దాన్ని కడిగి, తన గౌనుతోనే తుడిచి పట్టుకొచ్చింది. తొమ్మిదేళ్ల తరువాత ఆ గుంట పడిన వేప చెక్క మీద కూర్చున్నప్పుడు నాకు కలిగిన సంతోషాన్ని ఏ మాటతో చెప్పాలో ఇప్పటికీ తెలియడం లేదు. పండుగ నాటి కొత్త చీర కట్టుకున్నప్పుడు గాని, అన్న చేతిలోంచి డబ్బు అందుకున్నప్పుడు గాని అంత సంతోషం కలగలేదు.

మొదటి వందసార్లూ చెయ్యి మాట వినలేదు. దారాన్ని గట్టిగా లాగాను, తెగింది. అమ్మ తెగిన కొసలు రెండింటినీ చూపుడువేలితో నలిపి అతికి, "గుంజితే తెగుతది, ఇడిస్తే జారుతది. పసిపిల్లను నడిపిచ్చినట్టు పట్టుకోవాలె" అంది. చిన్నప్పుడు కూడా ఇదే మాట చెప్పేది. కొంతసేపటికి భుజానికి దారి గుర్తొచ్చింది. ఈ మేకు, ఆ మేకు, ఈ మేకు, ఆ మేకు. నా చెయ్యి అటూ ఇటూ పోతుంటే, పక్కనే కూర్చున్న అమ్మ తల కూడా కొద్దిగా అటూ ఇటూ కదలడం చూశాను. అన్న బిడ్డ నా మోకాలికి ఆనుకొని కూర్చొని ఒక్కో వరుస పూర్తయినప్పుడల్లా నేల మీద సుద్దముక్కతో ఒక గీత గీసింది. మగ్గం ఆగకుండా నడుస్తూనే ఉంది. అది కాళ్లతో, చేతులతో నడిచేది, దానికి కరెంటుతో పని లేదు.

పోస్తున్నంతసేపూ అమ్మ మాట్లాడింది. ఊరికే పక్క పక్కన కూర్చున్నప్పుడు అమ్మ నన్ను ప్రశ్నలు అడుగుతుంది, తన సంగతి చెప్పదు. చేతిలో పని ఉంటే మాత్రం మాటలు వాటంతట అవే వస్తాయి. తాత తేలియా రుమాళ్లు నేసే రోజుల్లో దారాన్ని నూనెలో, ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఎండబెట్టేవాళ్లమని, అందులో ఎరుపు, నలుపు, తెలుపు తప్ప వేరే రంగు ఉండేది కాదని చెప్పింది. తను కొత్త కోడలుగా వచ్చినప్పుడు ఆ నూనె వాసనకు వారం రోజులు అన్నం సహించలేదట, తరువాత ఆ వాసన లేకపోతే నిద్ర పట్టేది కాదట. ఇది నాకు ఎప్పుడూ చెప్పలేదు. వదినె లోపలికి పోయి, పెట్టె అడుగున ఉన్న రుమాలు ఒకటి తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టింది. ముప్పై ఏళ్లు దాటిన గుడ్డ అది. నూనె వాసన ఇంకా ఉంది. 2020లో తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని నేను చెప్పాను. అమ్మ కాసేపు ఆలోచించి, "మీ తాత ఉంటే బాగుండు" అంది.

మధ్యాహ్నానికి వదినె తపాలచెక్క చేసింది. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, నువ్వులు, ఉల్లిగడ్డ, పచ్చిమిరప, కరివేపాకు కలిపి, గిన్నె లోపల గోడలకు చేత్తో వత్తి, వేలితో అక్కడక్కడా బొక్కలు పెట్టి, నూనె పోసి, మూత పెట్టి సన్నటి సెగ మీద కాల్చాలి. గిన్నెలోంచి ఊడి వచ్చినప్పుడు కింది వైపు ఎర్రగా కరకరలాడాలి, పై వైపు మెత్తగా ఉండాలి. నగరంలో నేను ఎన్నిసార్లు చేసినా ఈ రెండూ ఒకేసారి కుదరలేదు. కుడి చెయ్యి ఆసు మీద ఉంది కాబట్టి, అమ్మే ముక్క తుంచి నా నోట్లో పెట్టింది. కూర్చోబెట్టి తినిపించాలన్న తన కోరికా తీరింది, పని చేయాలన్న నా కోరికా తీరింది.

మూడు గంటలు దాటాక ఆసు పూర్తయింది. యంత్రం మీద సగం ఆగింది కాబట్టి నా వంతు మిగిలిన సగమే, తొమ్మిది వేలు కాదు. అయినా నేల మీద సుద్ద గీతలు గడప దాకా పోయాయి. అన్న దారాన్ని చట్రానికి ఎక్కించి, వేలితో మీటి చూసి, "బిగువు సమానంగనే ఉంది" అన్నాడు. అన్న నోటి నుంచి అంతకంటే పెద్ద మెప్పు రాదు. నా భుజం ఆ రాత్రి నుంచి మూడు రోజులు నొప్పి పెట్టింది. ఆ నొప్పిలో మా అమ్మ ముప్పై ఏళ్లు ఎట్లా ఉందో ఆలోచించాను. ఆ యంత్రం చేసిన ఆయనకు మనసులో దండం పెట్టుకున్నాను.

అయిదు గంటలకు బయలుదేరాను. అమ్మ బొట్టు పెట్టి, ఒడిలో బియ్యం, పసుపు, కుంకుమ, రవికె గుడ్డ పోసింది. తపాలచెక్క రెండు ముక్కలు విస్తరాకులో చుట్టి సంచిలో పెట్టింది. బిందె కింద పెట్టడానికి వదినె వేరే చెక్క వెతుకుతోంది. పీట ఆసు పక్కనే ఉంది, దాని మీద అన్న బిడ్డ కూర్చొని ఉంది.

గడప దాటుతుంటే నాయిన మగ్గం ఆపాడు. గుంటలోంచి పైకి రాలేదు, తల మాత్రం ఎత్తాడు. మా మగ్గం మీద ఒక పడుగుకు, అంటే ఒకసారి నిలువుగా కట్టిన దారాలకు, ఏడు చీరలు దిగుతాయి. ఇప్పుడున్నది ఆరోది. ఏడోది కూడా దిగితే కొత్త పడుగు తెచ్చి, పాత పోగుల కొసలకు కొత్త పోగుల కొసలు ఒక్కొక్కటిగా బూడిద అద్దిన వేళ్లతో నలిపి అతకాలి. వేల పోగులు, ఇద్దరు మనుషులకు నిండా ఒక రోజు పని.

"వచ్చే నెల రెండో శనివారం ఏ తారీకు?" అని అడిగాడు.

"పదమూడు, నాయినా."

నాయిన వేళ్ల మీద ఏదో లెక్క కట్టుకున్నాడు. అమ్మ వైపు తిరిగి, "అయితే అతుకుడు పదమూడుకు పెట్టుకుందాం, బిడ్డ వస్తది" అన్నాడు. "నువ్వు కూసో" అన్న మాట ఈసారి అమ్మ నోటి నుంచి రాలేదు. "పొద్దుగాల ఫస్టు బస్సుకే రా బిడ్డా. ఎండ ఎక్కినంక పోగు కనవడదు" అంది.